62వ రోజు పొద్దున పట్టేయాలా, ఆగాలా? రెండెకరాల వన్నామీ చెరువు కేస్ స్టడీ

చెరువులో వన్నామీ రకం రొయ్య పిల్లలను వదిలి ఇది 62వ రోజు. పొద్దున ఆరింటి మేత వేసి రెండు గంటలైంది. చెక్ ట్రే (మేత ఎంత తిన్నాయో చూసే పళ్లెం) పైకి తీస్తే వేసిన మేతలో సగం అలాగే ఉంది. ట్రే అంచున ఒక రొయ్య పక్కకు ఒరిగి కాళ్లు మాత్రం ఆడిస్తోంది. గాలి తోసే మూలన గట్టు కింద ఏడు చనిపోయి ఉన్నాయి. తెల్ల కొంగలు నిన్నటికంటే ఎక్కువ దిగాయి. రెండు రోజులుగా ముసురు. 31 డిగ్రీలున్న నీళ్లు 26కి దిగాయి.

ఇక్కడి నుంచి మరుసటి రోజు తెల్లవారే లోపు ఈ చెరువు యజమాని ఒక మాట తేల్చాలి. చెరువు పట్టేయాలా (వల వేసి రొయ్యలన్నీ తీసి అమ్మేయాలా), నిలబెట్టాలా? వ్యాపారంలో త్వరగా, ధీమాగా తేల్చుకోవడం మంచిదని అందరూ అంటారు. ఆ మంచి ఎన్ని రూపాయలో గంటల లెక్కన చూపించగలిగే చోటు రొయ్యల చెరువు. అందుకే దీన్ని ఎంచుకున్నాం.

ఇది ఏ ఒక్క రైతు చెరువూ కాదు. గోదావరి, కృష్ణా డెల్టాల్లో మామూలుగా కనిపించే కొలతలతో లెక్క కోసం తీసుకున్న చెరువు. ధరలు, ఖర్చులు, మరణాల శాతాలు కూడా లెక్క కోసం పెట్టుకున్నవే. మీ అంకెలు వేసి మళ్లీ చేసుకోండి. జబ్బు నడిచే తీరు, పట్టుబడి పద్ధతి మాత్రం చెరువుల్లో నిజంగా ఉండేవే.

చెరువు లెక్క

రెండెకరాలంటే 8,094 చదరపు మీటర్లు. లోతు సగటున 1.2 మీటర్లు. వదిలిన సీడు (రొయ్య పిల్లలు) 2,40,000, అంటే చదరపు మీటరుకు 30 లోపే. కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ పెట్టిన పరిమితి 60. దాంతో పోలిస్తే ఇది ఒత్తిడి లేని సాగు. బతుకుబడి 80 శాతం అనుకుంటే చెరువులో 1,92,000 రొయ్యలున్నాయి. శాంపిల్‌లో సగటు బరువు 10 గ్రాములు, అంటే 100 కౌంట్ (కిలోకు 100 రొయ్యలు). మొత్తం 1,920 కిలోలు.

ఇప్పటిదాకా పెట్టింది ఇదీ. సీడు ఒక్కోటి 40 పైసల చొప్పున 96,000. మేత 2,300 కిలోలు, కిలో 95 చొప్పున 2,18,500. ఈ పంట వాటాకు లీజు 60,000. కరెంటు, డీజిలు, కూలి, మినరల్స్, ప్రోబయోటిక్స్ కలిపి ఒక లక్ష. మొత్తం 4,74,500 రూపాయలు.

100 కౌంట్ కిలో 220 అనుకుంటే ఈరోజు పట్టినప్పుడు వచ్చేది 4,22,400. అంటే 52,100 నష్టం. చేతులు ఆడనివ్వనిది ఈ అంకే. ‘పెట్టుబడైనా వచ్చేదాకా ఆగుదాం’ అన్న మాట గట్టు మీద పుట్టేది ఇక్కడే. పెట్టిన 4,74,500 మీరు ఏం తేల్చినా వెనక్కి రాదు. అది రెండు దారుల్లోనూ ఒకటే కాబట్టి, పట్టాలా ఆగాలా అన్న లెక్కలో దానికి చోటే లేదు. చిట్టాలో ఉంచండి, ఆ పొద్దున మాత్రం ఆ పేజీ తెరవకండి.

ముందు ఏం జబ్బో తెలియాలి

రొయ్య ఒడ్డుకొచ్చిందనగానే వలలకు ఫోన్ చేయడం కూడా తప్పే. ఒకేలా కనిపించే నాలుగైదు కష్టాలుంటాయి. ఒక్కోదానికి ఉండే గడువు వేరు.

ఆక్సిజన్ పడిపోతే తెల్లవారుజామున మూడు నుంచి ఆరు గంటల మధ్య రొయ్యలన్నీ ఒక్కసారే పైకి తేలతాయి. డీవో (నీటిలో కరిగిన ఆక్సిజన్) కొలిచే మీటరు లీటరుకు 3 మిల్లీగ్రాముల కంటే కిందికి చూపిస్తుంది. ముసురు రోజుల్లో నీటిలోని పాచికి ఎండ తగలక ఇది మామూలే. నీళ్లలో గాలి కలిపే ఏరేటర్లన్నీ వేసి, మేత ఆపి, ఆక్సిజన్ ఇచ్చే మందు చల్లితే ఎండ ఎక్కేసరికి దిగిపోతాయి. దీనికి గంటలో పని మొదలుపెట్టాలి, పట్టుబడి అక్కర్లేదు.

కుబుసం విడిచే రోజైతే మేత తగ్గుతుంది, కొన్ని మెత్తగా ఉంటాయి, నీళ్ల మీద పెంకులు తేలతాయి. రెండు రోజుల్లో మేత మళ్లీ పుంజుకుంటుంది. వైట్ గట్ అయితే తెల్లటి రెట్ట పోగులు తేలుతూ గాలి మూలకు చేరతాయి. మేత తగ్గించి, నీళ్లు చూసుకుంటూ నాలుగైదు రోజులు గమనించే వీలుంటుంది.

తెల్లమచ్చ అనే వైరస్ జబ్బు వేరు. ఆ వైరస్ సోకిన చెరువులో జబ్బు బయటపడ్డాక మూడు నుంచి పది రోజుల్లో నూటికి నూరు పోయే ప్రమాదం ఉంది. మందు లేదు. ఉష్ణోగ్రత పడిపోవడం, వాన నీటితో ఉప్పుశాతం దిగడం, పీహెచ్ ఊగడం, లోపల దాక్కున్న వైరస్‌ను బయటికి లాగే కారణాలివి. నీళ్లు 32 డిగ్రీలు దాటి వెచ్చగా ఉన్నప్పుడు దాని జోరు తగ్గుతుంది. చలికాలం పంటకు ఈ భయం ఎక్కువ కావడానికి కారణం అదే. 1994-95లో తూర్పు తీరంలో టైగర్ రొయ్యను కుదేలు చేసింది ఇదే జబ్బు. 2009లో వన్నామీకి అనుమతి వచ్చి రొయ్య మారింది గానీ వైరస్ ఎక్కడికీ పోలేదు.

చూడాల్సిన తీరు ఇది. నీరసంగా ఒడ్డుకు వస్తున్న రొయ్యలను బతికుండగానే నాలుగైదు పట్టండి. తల మీది పెంకు గోటితో లేపి, లోపలి పొర గీకేసి వెలుతురుకు పట్టండి. అర మిల్లీమీటరు నుంచి రెండు మిల్లీమీటర్ల గుండ్రటి తెల్ల చుక్కలు పెంకు లోపలే ఉంటాయి, తుడిస్తే పోవు. వన్నామీలో ఒక్కోసారి చుక్కలు సరిగా కనపడవు, ఒళ్లు ఎర్రబడటమే ముందు తెలుస్తుంది. బోరు నీటిలో కాఠిన్యం, ఆల్కలినిటీ ఎక్కువున్న చెరువుల్లో జబ్బు లేకుండానే పెంకు మీద తెల్ల మచ్చలు పడతాయి. కంటిచూపుతో అనుమానించాలి, వైరస్‌ను పట్టే పీసీఆర్ ల్యాబు పరీక్షతో ఖాయం చేసుకోవాలి.

మన చెరువులో డీవో 4.8 ఉంది. పెంకులు తేలడం లేదు, తెల్ల పోగులు లేవు. ఐదు రొయ్యల్లో మూడింటి తోక ఎర్రబడింది, రెండింటి పెంకులో చుక్కలున్నాయి. నిన్న 68 కిలోల మేత తిన్న చెరువు ఈ పూట పెట్టిన 17 కిలోల్లో సగం వదిలేసింది. నిన్న రాత్రి ట్రేలోనూ మిగిలిందని పుస్తకంలో రాసి ఉంది. రెండు పూటలు వరసగా మిగిలిందన్న సంగతి ఆ పుస్తకం లేకపోతే ఎవరికీ గుర్తుండేది కాదు. రాత్రి ట్రే తీసిన కూలీ, పొద్దున చూసిన యజమాని, ఇద్దరూ ‘కాస్త తగ్గింది’ అనుకుని ఊరుకునేవాళ్లు. గట్టు మీద ధీమాగా మాట్లాడేవాళ్లందరి వెనకా ఇలాంటి మాసిపోయిన పుస్తకం ఒకటి ఉంటుంది.

ఇంకో మాట. గట్టు కింద కనిపించిన ఏడింటిని చూసి ‘ఏడే కదా’ అనుకోకండి. చచ్చిన రొయ్య అడుక్కి చేరుతుంది, బతికున్నవి దాన్ని పీక్కుతింటాయి, జబ్బు అలాగే ఇంకా పాకుతుంది. ఒడ్డున లెక్కకొచ్చేది పోయినవాటిలో కొద్ది భాగమే.

ఆగితే ఎంత, పడితే ఎంత

ఇప్పుడు ముందుకు చూసే లెక్క మాత్రమే వేద్దాం.

పట్టేస్తే 4,22,400 వస్తుంది.

ఆగి, అదృష్టం కలిసొచ్చి, నాలుగు వారాలు నిలబడితే బతుకుబడి 76 శాతానికి వస్తుంది, కౌంట్ 60కి చేరుతుంది. బరువు 3,040 కిలోలు. 60 కౌంట్ కిలో 290 అనుకుంటే 8,81,600. పెరిగే 1,120 కిలోలకు ఎఫ్‌సీఆర్ (కిలో రొయ్య పెరగడానికి పట్టే మేత) 1.5 చొప్పున 1,680 కిలోల మేత కావాలి, దానికి 1,59,600. మిగతా ఖర్చులు 80,000. చేతికి నికరంగా 6,42,000.

ఆగి, అది నిజంగా తెల్లమచ్చే అయ్యి, నాలుగో రోజున కంగారుగా పడితే 40 శాతం పోయి 1,152 కిలోలు మిగులుతాయి. అవీ ఎర్రబడి, మెత్తబడి ఉంటాయి కాబట్టి కిలో 150 వస్తే గొప్ప, అంటే 1,72,800. ఆ నాలుగు రోజుల మేత, మందులు 40,000 తీసేస్తే 1,32,800.

ఈ మూడు అంకెలూ పక్కపక్కన పెట్టండి. ఇలాంటి నూరు చెరువుల్లో కనీసం 57 నిలబడితేనే ఆగడం గిట్టుబాటు. పట్టుబడిలో వలకు చిక్కని 150 కిలోలు, అంటే 33,000, ముందే తీసేసి చూసినా ఆ గీత 50 దగ్గర ఆగుతుంది. పెంకులో చుక్కలున్న, మేత వదిలేసిన, నీళ్లు 26 డిగ్రీలున్న చెరువుకు నూటికి యాభై చొప్పున అవకాశం ఇచ్చే అనుభవజ్ఞుడు దొరకడు. పీసీఆర్ పాజిటివ్ వచ్చాక అసలే దొరకడు.

ఆలస్యం ఖరీదు కూడా ఇందులోనే ఉంది. 4,22,400కూ 1,32,800కూ తేడా 2,89,600. నాలుగు రోజులంటే 96 గంటలు. గంటకు మూడు వేల రూపాయలు. మధ్యాహ్నం ఒకరిని, సాయంత్రం ఇంకొకరిని, రేపు మరొకరిని అడుగుదామనుకునే యజమాని ఆ సలహాలకు గంటకు మూడు వేలు కడుతున్నట్టే.

ఎవరి మాట వినాలి

మన చెరువుల్లో నిర్ణయం ఆలస్యమయ్యేది తెలివి చాలక కాదు, మాట ఎవరిదో తేలక. లీజుకు తీసుకున్న చెరువులో ముగ్గురు నలుగురు వాటాదారులుంటారు. ఒకరు ఊళ్లో, ఒకరు భీమవరంలో, ఒకరు హైదరాబాద్‌లో. ‘బావగారు ఎత్తడం లేదు, ఆయనతో ఒక్క మాట అనుకుని చేద్దాం’ అనడంలో పెద్దరికం ఉంది, మర్యాద ఉంది. ఆ మర్యాదకు ఒక పూట పోతుంది. బావగారికి నిజమైన మర్యాద సీడు వదిలే రోజునే ఆయన్ని కూర్చోబెట్టి అడగడం: ‘ఇలాంటి పొద్దు వస్తే మీరు అందకపోయినా మేం పట్టేయొచ్చా?’ అని.

మేత డీలరు అప్పు మీద నడిచే చెరువైతే డీలరు మాట బరువుగా ఉంటుంది. చెరువు ఖాళీ అయితే ఆయన బాకీ ఎలా వస్తుందన్న ఆలోచన ఆయనకుంటుంది, తప్పేం లేదు. మందులు అమ్మే కంపెనీ టెక్నీషియన్ రెండు రోజుల కోర్సు రాసిస్తాడు, అతని ఉద్యోగం అది. వాళ్లు చెప్పేది వినండి, నీళ్ల టెస్టు చేయించుకోండి. పట్టాలా వద్దా అన్న ప్రశ్న మాత్రం వాళ్ల ముందు పెట్టకండి. ఈ చెరువు పోతే నష్టపోయేవాడే దానికి జవాబు చెప్పాలి.

ఈ కంగారులో జరిగే అతి పెద్ద తప్పు యాంటీబయాటిక్. వైరస్ మీద అది పనిచేయదు. పైగా క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ల లాంటి నిషేధిత మందుల ఆనవాళ్లు దొరికితే సరుకు మొత్తం తిరస్కరిస్తారు. అప్పుడు చచ్చిన రొయ్యకూ, బతికున్న రొయ్యకూ ధర ఒకటే.

వాటాదారులందరూ సంతకం పెట్టిన కాగితం ఒకటి మోటారు షెడ్డులో ఉండాలి. ఒక్క పేజీ చాలు. డీవో, కుబుసం కారణం కాకుండా వరసగా రెండు పూటలు ట్రేలో 30 శాతానికి మించి మిగిలితే పీసీఆర్‌కు పంపాలి. పెంకులో చుక్కలు కనిపించినా, పక్క చెరువులో జబ్బు ఖాయమైనా వలలు, ఐసు మాట్లాడి ఉంచాలి. పీసీఆర్ పాజిటివ్ వచ్చి, రొయ్య అమ్మకం సైజుకు వచ్చి ఉంటే, అంటే సుమారు 8 గ్రాములు దాటితే, ఆ రాత్రే పట్టాలి. ఫలితం రాకముందే ఒడ్డున కనిపించే చావులు ఒక పూటలో వంద దాటితే ఫలితం కోసం ఆగక్కర్లేదు. చివరి గీత కింద ఒకే పేరు: ఆ సమయంలో గట్టు మీదున్న ఎవరు మాట చెప్పొచ్చో. ఈ 30 శాతం, వంద అన్నవి మన చెరువుకు పెట్టుకున్న గీతలు. మీ చెరువుకు వేరుగా ఉండొచ్చు. గీత ఎక్కడున్నా సరే, అది చల్లటి బుర్రతో, రొయ్య బాగున్న రోజున గీసి ఉండాలి.

రొయ్య మూడు నాలుగు గ్రాములప్పుడే జబ్బు వస్తే ఈ లెక్క పనిచేయదు. దాన్ని కొనేవాడుండడు. అప్పుడు మేత ఆపి, నీళ్లు బయటికి పోకుండా తూము బిగించి, చెరువును క్లోరిన్‌తో శుద్ధి చేసి పంట వదులుకోవడమే. నష్టం పెద్దదే గానీ తేల్చుకోవడం తేలిక, ఎందుకంటే రెండో దారి లేదు.

పొద్దున ఎనిమిది నుంచి మరుసటి పొద్దున ఎనిమిది దాకా

ఎనిమిదింటికి ట్రే తీశారు. ఎనిమిదిన్నరకల్లా మేత ఆపాలి, ఏరేటర్లు ఆపకూడదు. ఈ చెరువు గట్టు మీద తిరిగిన మనిషి, వల, బకెట్టు పక్క చెరువులోకి వెళ్లకూడదు.

తొమ్మిదిన్నరకు శాంపిల్ బయలుదేరాలి. నీరసంగా ఉన్న బతికున్న రొయ్యలు ఎనిమిది పది తీసుకోండి. 95 శాతం ఆల్కహాల్‌లో వేసినా సరే, ల్యాబు దగ్గరైతే ఐసులో పెట్టినా సరే. కుళ్లినవి పంపితే ఫలితం నమ్మలేం. చలాకీగా ఈదే రొయ్యను వలేసి పట్టి పంపితే ‘నెగటివ్’ అని వచ్చి మోసం చేస్తుంది. జబ్బుగా ఉన్నదాన్నే పంపాలి. పొద్దున ఇస్తే సాయంత్రానికి చెప్పే ల్యాబు ఏదో ముందే తెలుసుకుని ఉండాలి.

పది నుంచి పదకొండు లోపు నాలుగు ఫోన్లు. వల జట్టుకు, ఐసు ఫ్యాక్టరీకి, ఇద్దరు కొనుగోలుదారులకు. ఈ నాలుగూ ఫలితం రాకముందే చేయాలి. సాయంత్రం నెగటివ్ వస్తే రద్దు చేసుకోవచ్చు. వల జట్టుకు ఇచ్చిన అడ్వాన్సు రెండు మూడు వేలు పోతే పోయింది, అది ఒక గంట ఆలస్యం ఖరీదు. వెనక్కి తీసుకోగలిగిన పనులన్నీ అనుమానం మీదే మొదలుపెట్టాలి. వెనక్కి తీసుకోలేనిది ఒక్కటే, వల దించడం. దానికి మాత్రం ఫలితం చూడాలి. ఈ తేడా పట్టుకున్న యజమాని ఎంత వేగంగా కదిలినా కంగారు పడినట్టుండడు.

తాత్సారం చేస్తే ఇక్కడ ఇంకో దెబ్బ ఉంది. ఊళ్లో ఒక చెరువుకు వస్తే రెండు మూడు రోజుల్లో పది చెరువుల వాళ్లు పట్టుబడికి దిగుతారు. వల జట్లు దొరకవు, ఐసు దొరకదు, బండ్లు దొరకవు. ఏజెంటుకు సంగతి తెలిసిపోయి ధర దించుతాడు. మొదటి రోజు పట్టినవాడికి వచ్చిన 220 మూడో రోజువాడికి అదే రొయ్యకు రాదు.

ధర మాట్లాడేటప్పుడు దాపరికం వద్దు. ఒళ్లు ఎర్రబడినవి ఎన్ని, మెత్తవి ఎన్ని అన్నది కొనేవాడు గట్టు మీద ఎలాగూ చూస్తాడు. అప్పుడు బేరం మళ్లీ మొదలైతే రెండు గంటలు పోతాయి, తీసిన రొయ్య చెడుతుంది. ముందే చెప్పి కౌంటుకు ఎంత, మెత్తకు ఎంత కోత అన్నది ఫోన్లోనే తేల్చుకోవాలి. మామూలు రోజుల్లో మెత్తవి ఎక్కువుంటే రెండు రోజులు ఆగి పట్టడం తెలివి. ఈ జబ్బులో ఆ తెలివి పనికిరాదు.

ఐదు గంటలకు ఫలితం పాజిటివ్. ఐదుంపావుకు మాట చెప్పేయాలి. కొత్తగా ఆలోచించాల్సింది ఏమీ మిగల్లేదు.

రాత్రి రెండింటికి ఐసు దిగాలి. రొయ్యకు సమానంగా ఐసు, అంటే సుమారు రెండు టన్నులు, పైన కొంచెం చేతిలో ఉండేలా. మూడింటికి వల దించితే చల్లటి వేళలో పని సాగుతుంది. వల దారిలో ఉన్న ఏరేటర్లు మాత్రమే పక్కకు లాగండి, మిగతావి తిరుగుతూనే ఉండాలి. తీసిన రొయ్యను వెంటనే ఐసు నీళ్ల తొట్టిలో ముంచాలి. గట్టు మీద కుప్ప పోయకూడదు. కౌంట్ చూసేటప్పుడు చెరువులో మూడు చోట్ల తీసిన శాంపిళ్లు కలిపి చూడమనండి, మొదటి లాగులో చిన్నవే ఎక్కువ రావచ్చు. కాటా మీద బుట్ట బరువు ముందు తూయించి, నీళ్లు కారాక తూకం వేయించుకోండి. ఎనిమిదికి బండి కదలాలి.

తూము జోలికి పోకూడదు

మామూలు పట్టుబడికి తూము ఎత్తి నీళ్లు తగ్గించి, చివరి రొయ్యదాకా ఏరుకుంటారు. ఈ పట్టుబడిలో తూము ఎత్తితే వైరస్ కాలువలోకి, అక్కడి నుంచి కింది చెరువుల్లోకి పోతుంది. నిండు నీటిలో మూడు నాలుగు సార్లు వల లాగినా 150 కిలోల వరకు మిగిలిపోవచ్చు. ఆ 33,000 రూపాయల కోసం చెయ్యి తూము మీదికి వెళ్తుంది. వెళ్లనివ్వకండి. ఇక్కడ ధీమాగా తీసుకోవాల్సిన నిర్ణయం డబ్బు వదులుకోవడం. అదే కాలువ నీళ్లు రేపు మళ్లీ మీ చెరువులోకే ఎక్కుతాయి, మీ కింద ఉన్న రైతు ఇల్లూ ఇలాంటి అప్పు మీదే నిలబడి ఉంది. పక్కవాళ్లకు ఫోన్ చేసి ‘మా దానికి తెల్లమచ్చ వచ్చింది, మీ తూములు మూసుకోండి’ అని చెప్పడం కూడా ఫలితం రాగానే చేయాల్సిన ఫోన్లలో ఒకటి. చాలామంది పరువు అనుకుని దాస్తారు. చెప్పిన ఊళ్లో నాలుగు చెరువులైనా మిగులుతాయి.

పట్టాక అదే రోజు బ్లీచింగ్. నీళ్లు 8,094ను 1.2తో హెచ్చిస్తే సుమారు 9,700 ఘనపు మీటర్లు. 60 పీపీఎం (ఘనపు మీటరుకు 60 గ్రాములు) చొప్పున 583 కిలోలు, అంటే 25 కిలోల బస్తాలు 24. పౌడరు పాతదైతే క్లోరిన్ ఎగిరిపోయి ఉంటుంది, తాజా బస్తాలే తేవాలి. ఎండ వాలాక చల్లి, ఏరేటర్లతో కలపాలి. ఆ తర్వాత కనీసం ఏడు రోజులు నీళ్లు బయటికి వదలకూడదు. చచ్చినవి గట్టుకు దూరంగా గొయ్యి తీసి సున్నం వేసి పూడ్చాలి. కాకి ఒక రొయ్యను ఎత్తుకెళ్లి ఇంకో చెరువులో జారవిడిస్తే చాలు.

వేగం పనికిరాని చోట్లు

ఇదే చెరువులో తెల్లమచ్చ బదులు ఎదుగుదలను ఆపే ఈహెచ్‌పీ అనే పరాన్నజీవి జబ్బు ఉందనుకోండి. రొయ్యలు పెద్దగా చావవు, ఎదగవు. రోజూ మేత తింటాయి, చెరువు బాగున్నట్టే ఉంటుంది. వారానికి 1.7 గ్రాములు పెరిగే చెరువు మన ధరల్లో, బరువూ కౌంట్ ధరా రెండూ పెరిగి, ఆ వారం సుమారు 1,29,000 విలువ కలుపుతుంది. మేత, కరెంటు కలిపి 60,000 తింటుంది. అదే చెరువు వారానికి అర గ్రామే పెరిగితే కలిపేది సుమారు 38,000, తినేది అదే 60,000. వారానికి 22,000 చొప్పున నీళ్లలో పోతున్నట్టు. ఇక్కడ ఒక్క రాత్రిలో తేల్చక్కర్లేదు. రెండు వారాలు వరసగా శాంపిల్ తూచి, రెండుసార్లూ అర గ్రాము లోపే ఉంటే పట్టేయాలి. చావులు లేవు కాబట్టి ఎవరూ తొందరపెట్టరు. అందుకే తెల్లమచ్చ కంటే ఈ నెమ్మది జబ్బులోనే ఎక్కువ చెరువుల డబ్బు హరించుకుపోతుందన్నది మా అంచనా.

మార్కెట్ దెబ్బ ఇంకో రకం. 2025 ఏప్రిల్ 2న అమెరికా మన సరుకుల మీద 26 శాతం సుంకం ప్రకటించింది. అప్పటికి మన రొయ్యకు అతి పెద్ద కొనుగోలుదారు అమెరికానే. ఒకటి రెండు రోజుల్లోనే ఇక్కడ గట్టు ధరలు దిగిపోయాయి. ఏప్రిల్ 9న ఆ సుంకాన్ని 90 రోజులు వాయిదా వేసి 10 శాతం దగ్గర ఉంచారు. ఆ మధ్య వారంలో ఆరోగ్యంగా ఉన్న 80 కౌంట్ చెరువును భయపడి ఖాళీ చేసి ఉంటే, వారం తిరక్కుండానే పశ్చాత్తాపమే. జబ్బు లేని రొయ్య రోజుకు పావు గ్రాము పెరుగుతూ మీకు గడువిస్తుంది. ఆ గడువును వాడుకోవాలి. ఆగస్టు 27 నుంచి సుంకం 50 శాతానికి చేరినప్పుడు పరిస్థితి వేరు. అప్పటికి ముందుగానే ప్రకటన ఉంది. కొత్త పంటకు సీడు ఎంత వదలాలి, ఏ కౌంటుకు పట్టాలి అన్నవి కూర్చుని వేసుకోగలిగిన లెక్కలు. వార్త పెద్దదైనంత మాత్రాన గడువు చిన్నదైపోదు. చెక్ ట్రేలో కనిపించేది చిన్నదే గానీ, దాని గడువు ఒక్క రోజు.

మళ్లీ ఎప్పుడు

చెరువు ఖాళీ అయ్యాక యజమాని మీద రెండో ఒత్తిడి మొదలవుతుంది. లీజు నడుస్తోంది, పోయింది రాబట్టాలి, హాచరీ వాళ్లు సీడు సిద్ధంగా ఉందంటారు. ఈ నిర్ణయానికి తొందర లేదు. ఏడు రోజులయ్యాక నీళ్లు తీసి, అడుగు పగుళ్లు వచ్చేదాకా ఎండనివ్వాలి. నల్లమట్టి గీకి తీసేయాలి. పీతల బొరియలు పూడ్చి, గట్టు చుట్టూ పీతలు రాకుండా అడ్డు కట్టాలి, పైన పక్షుల తాళ్లు లాగాలి. నీళ్లను నేరుగా ఎక్కించకుండా రిజర్వాయరు చెరువులో క్లోరిన్ వేసి, సన్నటి గుడ్డ గొట్టాల్లో వడకట్టి పెట్టాలి. సీడుకు పీసీఆర్ చేయించి కాగితం చూశాకే డబ్బు కట్టాలి. నవంబరు వచ్చేసి ఉంటే, నీళ్లు వేడెక్కే ఫిబ్రవరి చివరిదాకా ఆ రెండెకరాలనూ ఖాళీగానే ఉంచాలి.